మాస్టారు ముసలి గుర్రం దిగనివ్వట్లేదు, ఈలోగా రేసు గుర్రం అమ్మకానికొచ్చింది. కొనేయనా?

బ్రాడీపేట_రౌతు:
అందరికీ నమస్కారం అండి. మాది గుంటూరు, ముప్పై దాటాక సరదా పుట్టి తాడేపల్లి వైపు ఒకచోట శని, ఆదివారాలు గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నా. ఈ ఎండలకి తెల్లారకముందే బయల్దేరాలి. సమస్యేంటంటే మాస్టారు మొదటి నుంచీ ఒకే ఆడగుర్రం ఎక్కిస్తున్నారు. దానికి పద్దెనిమిదేళ్లు, నేను కాళ్లతో ఎంత ఒత్తినా కదలదు, ఆయన నాలుకతో టక్కుమంటే మాత్రం బుద్ధిగా నడుస్తుంది. ఇప్పటికీ పొడవాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పడమే, అదీ పగ్గాలు చేతికివ్వకుండా, ఒక్కోసారి రికాబులు కూడా తీసేసి. నాతో చేరినవాళ్లు వేరేచోటికి పోయి దౌడు తీస్తూ రీల్స్ పెడుతున్నారు. ఇంతలో తెలిసినాయన ఒకరు హైదరాబాద్ రేసుల నుంచి వచ్చేసిన ఐదేళ్ల మగగుర్రం ఉంది, చవగ్గా ఇప్పిస్తా అన్నారు. వెళ్లి చూశా. నల్లగా నిగనిగలాడుతోంది, రాగానే నా చొక్కా జేబు దగ్గర ముక్కు పెట్టింది. మనసు అక్కడే ఉండిపోయింది. మన సొంత గుర్రమైతే బంధం తొందరగా కుదురుతుంది కదా, ఏమంటారు?

పటమట_పాతకాపు:
జేబు దగ్గర ముక్కు పెట్టింది మీ మీద ప్రేమతో కాదు బ్రదర్, దానికెవరో బెల్లం అలవాటు చేశారు. ఇప్పుడు కొనొద్దు. థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి) చెడ్డదని కాదు, కానీ రేసుల్లో అది నేర్చుకున్నదీ మీరు నేర్చుకుంటున్నదీ ఒకటి కాదు. అక్కడ జాకీ పగ్గాలు బిగపడితే ఆ పగ్గాల మీద బరువు ఆనించి ఇంకా ముందుకు పోవడం దానికి అలవాటు. కొత్తవాళ్లు భయపడగానే చేసేది పగ్గాలు లాగడమే, అంటే మీరు ఆగమంటున్నారు, దానికేమో పొమ్మన్నట్టు ఉంటుంది. పైగా జాకీని నడుస్తుండగానే పైకెత్తి కూర్చోబెడతారు, కాబట్టి మీరు ఎడమ రికాబులో కాలు పెట్టేసరికి అది కదిలిపోవచ్చు. అలాంటి గుర్రాన్ని మళ్లీ మొదటి నుంచి తీర్చిదిద్దాలి, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి. మీ మాస్టారు పగ్గాలు ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదే. బ్యాలెన్స్ రాకముందు పగ్గాలిస్తే వాటినే పట్టుకుని వేలాడతాం, ఆ బరువంతా దాని నోటి మీద పడుతుంది. ట్రాట్‌లో (నడకకీ దౌడుకీ మధ్య ఎగిరెగిరి పడే పరుగులో) చేతులు చాపి కూర్చోగలిగిన రోజు ఆయనే ఇస్తారు.

మంగళగిరి_సాయి:
పాతకాపు గారితో సగమే ఏకీభవిస్తా. కొనొద్దు, సరే. కానీ నెలల తరబడి తాడు మీదే తిప్పుతూ ఫీజు గుంజే చోట్లు కూడా ఉన్నాయి, మాస్టారు ఏం చేసినా మంచికే అనుకోవడం నాకు నచ్చదు. నేరుగా అడగండి: "నాలో ఏం కుదిరితే తాడు తీస్తారు సార్?" అని. నడుం, మడమలు, చూపు అంటూ ఫలానా అని చెప్పగలిగితే ఆయన దగ్గరే ఉండండి. "చూద్దాంలే" అంటే వేరే చోటు చూసుకోండి. ఇంకోటి, ఆ ముసలి గుర్రం కదలట్లేదంటే మొద్దు అనుకోకండి. కాళ్లు ఆపకుండా ఒత్తుతూనే ఉంటే పట్టించుకోవడం మానేస్తుంది. ఒకసారి ఒత్తి, అడుగు వేయగానే వదిలేయాలి. వదిలినప్పుడే దానికి అర్థమవుతుంది.

గన్నవరం_డాక్టరమ్మ:
పశువుల డాక్టర్‌ని కాబట్టి నా గోల వేరే. ముందు ఆ ముసలిదాన్నే చూడండి. కడుపు పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి అణిచి తోక విసురుతోందా? భుజాల మధ్య మిట్ట మీద అక్కడక్కడా తెల్లవెంట్రుకలు ఉన్నాయా? ఉంటే ఎప్పుడో జీను ఒరిసిన గుర్తు కావచ్చు, ఇప్పటి జీను సరిపోతోందో లేదో మాస్టారితో కలిసి చూసుకోండి. నొప్పితో ఉన్న గుర్రం కూడా కదలనని మొరాయిస్తుంది.
నల్లదాని మీద ఆశ చావకపోతే గ్లాండర్స్ (గుర్రాలకొచ్చే ఒక అంటుజబ్బు) పరీక్ష లేకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. రక్తం హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపిస్తారు. ఆ జబ్బు మనుషులకీ అంటుకుంటుంది, పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపేయాల్సిందే. కొన్నాక ఖర్చు సంగతి సరే, గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే కడుపునొప్పి వస్తే రాత్రికి రాత్రే ప్రాణం మీదకొస్తుంది. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తారో ముందే తేల్చుకోండి.

బ్రాడీపేట_రౌతు:
అమ్మో, ఇంత ఉందా! అమ్మేవాళ్లకి ఇప్పుడే వద్దని చెప్పేశా. మరి బంధం సంగతేంటండి? ఈ ముసలి గుర్రానికి నేనెవరో కూడా పట్టదు. బెల్లం పెట్టనా?

గన్నవరం_డాక్టరమ్మ:
బెల్లం వద్దు, చేతులు కొరకడం నేర్చుకుంటుంది. మీ క్లాసుకి అరగంట ముందు వెళ్లి సైసుని (గుర్రాలు చూసుకునే మనిషిని) అడిగి మీరే మాలీసు చేయండి. ముఖానికి ఎదురుగా గానీ వెనక నుంచి గానీ వెళ్లొద్దు, నుదుటి ముందూ తోక వెనకా దానికి కనపడదు, భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లండి. జూలు ముగిసే చోట వేళ్లతో గట్టిగా గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి గోక్కునేది అక్కడే, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లో కొలిచి మరీ చూశారు. కింది పెదవి వేలాడేసిందంటే నచ్చినట్టే, పక్కకి జరిగిపోతే వదిలేయండి, బలవంతం వద్దు.

పటమట_పాతకాపు:
గిట్టలు శుభ్రం చేయడం కూడా నేర్పమనండి. అది తనంతట తాను కాలెత్తి మీ చేతికిచ్చేదాకా కొనే మాట ఎత్తకండి. వచ్చే ఆదివారం నేనూ అటే వస్తున్నా, ఆరింటికి ఉంటారా?