దాళ్వాకు (రబీలో వేసే రెండో పంటకు) గోదావరి డెల్టా మొత్తానికీ నీళ్లివ్వాలా, కొంత భాగానికేనా?

లాకులదారి:
సంక్రాంతి దాటాక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి చిక్కిపోతుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల ఆయకట్టు 10.13 లక్షల ఎకరాలు. అంతటికీ దాళ్వా వరి వేయించాలా, కొన్ని కాలువల కింద మినుము లాంటి అపరాలతో సరిపెట్టాలా అన్నది ఏటా వచ్చే గొడవే. సరిపెట్టాలనే నా వాదన. లెక్క చూడండి. కాలువలన్నిటికీ కలిపి 10 వేల క్యూసెక్కులు వదిలితే రోజుకు 0.86 టీఎంసీ. ఆయకట్టంతా పరిస్తే 6 మిల్లీమీటర్ల మందం. దారిలో మూడోవంతు పోయిందనుకుంటే మడికి చేరేది 4. మార్చి ఎండలో వరిమడికి రోజుకు 6 నుంచి 8 కావాలి. బ్యారేజీలో నిల్వ ఉంది కదా అంటారు. నిండుగా ఉన్నా 2.93 టీఎంసీ, మూడున్నర రోజులు కూడా రాదు. అది చెరువు కాదు, మట్టం ఎత్తి కాలువల్లోకి మళ్లించే అడ్డుకట్ట.

శివారుచేను:
సీలేరు నది నుంచి వచ్చే నీటిని లెక్కలోకి తీసుకోలేదేం? బలిమెల జలాశయం నీళ్లు మనకూ ఒడిశాకూ చెరిసగం. దిగువ సీలేరు కరెంటు కేంద్రంలో టర్బైన్లు తిరిగితే ఆ నీరు శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తుంది. చాలకపోతే డొంకరాయి జలాశయం నుంచి నేరుగా వదిలించుకోవచ్చు.

ఇక అపరాలంటారా! మినుము సార్వా (ఖరీఫ్ వరి) కోతకు రెండు మూడు రోజుల ముందే, చేలో పదునుండగా చల్లాలి, ఎకరానికి 16–18 కిలోలు. మిషన్‌తో కోస్తే చక్రాల కింద మొలక నలిగిపోతుంది, విత్తనం ఇంకాస్త ఎక్కువ పడుతుంది. తుపాను వచ్చి కోత డిసెంబరు ఆఖరుకు జరిగితే పదును పోతుంది, పూత వేళకి ఎండ ముదురుతుంది. పైగా సముద్రం వారన చేలో మంచినీరు నిలవకపోతే ఉప్పు పైకి లేచి గట్ల మీద తెల్లగా పేరుతుంది. అది కడగాలంటే మళ్లీ సార్వా నీళ్లే ఖర్చు.

లాకులదారి:
ఉప్పు సంగతి ఒప్పుకుంటున్నానండీ. అందుకే కాలువల చివరి శివారుకు వరి ఉంచి, ఎగువ మెరకల్లో ఆపమంటాను. అక్కడ ఫిల్టర్ పాయింట్లు (లోతు తక్కువ బోర్లు) ఉన్నాయి, మొక్కజొన్న వేసుకోవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు: పైవాళ్లు తూములు బార్లా తెరుస్తారు, శివారు ఎండుతుంది. సీలేరు నీరు కూడా కరెంటు గిరాకీని బట్టి దిగేదే, మన పైరు పొట్టదశ చూసి కాదు.

పంటబోదె:
నీళ్లు తగ్గించుకోవడానికి గొట్టం పద్ధతి ఉండగా పంట ఎందుకు మార్చాలి? చుట్టూ బెజ్జాలు పెట్టిన 30 సెం.మీ. పైపును సగం భూమిలో దిగేసి, లోపలి మట్టి తీసేయాలి. అందులో నీరు నేలమట్టానికి 15 సెం.మీ. కిందికి దిగాకే తడి పెట్టాలి. పూత వేళ మాత్రం ఆరనివ్వకూడదు, 5 సెం.మీ. నీరుండాలి.

శివారుచేను:
బోరు కింద బ్రహ్మాండం. కాలువ కింద ఎలా కుదురుతుంది? మడి నుంచి మడికి పారే చోట పైమడి నిండితేనే కిందిమడికి నీరు. వంతు వచ్చిన రోజు గొట్టంలో ఎంతుందని చూస్తూ కూర్చుంటే, మళ్లీ వంతు వచ్చేసరికి నేల నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లో పోసిన నీరు మడిలో నిలవదు. ముందు బోదెలు (చేలకు నీరు తెచ్చే పిల్లకాలువలు) బాగుచేయించండి, గొట్టాలు తర్వాత.

మురుగుకాలువ:
అందరూ నీటి కొలత దగ్గరే ఆగిపోయారు. దెబ్బ తగిలేది తేదీల దగ్గర. ఎంటీయూ 1121 వరి రకం సుమారు 120 రోజుల పంట. డిసెంబరు 10కి నారుమడి పోస్తే ఏప్రిల్ రెండోవారానికి కోతకొస్తుంది. పదిహేను రోజులు జరిగితే పాలుపోసుకునే దశ మార్చి ఆఖర్న పడుతుంది, అప్పటికి నది బాగా చిక్కిపోయి ఉంటుంది. గింజ తాలు పోతుంది. అదే సమయంలో కాలువలు మూసేయకముందే ఊళ్ల మంచినీటి చెరువులు నింపాలి, చేపల చెరువులవాళ్లూ ఇంజన్లు దింపుతారు. గడువులోగా నారు పోయని కాలువ కింద వరికి నీళ్లు లేవని నవంబరులోనే చెప్పేస్తే ఎగువా దిగువా తగువే ఉండదు.

పంటబోదె:
చెప్పినా వేసేస్తారు. మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేసి, ఇంజన్లతో ఎత్తిపోసుకోవచ్చన్న ధీమా.

మురుగుకాలువ:
ఆ నీరు తోడే ముందు ఉప్పు కొలిచే ఈసీ మీటరు ముంచాలి. 2 డెసీసీమెన్స్/మీటరు దాటితే చిరుపొట్ట మీదున్న పైరుకు పెట్టకండి. సముద్రపు పోటు మీద కొలవాలి, పాటులో చూస్తే తక్కువ చూపించి మోసపోతారు. కట్ట ఇసుక బస్తాలతో వేసి, పక్కన ఒక తూము గొట్టం వదలాలి. జూన్ వానల ముందు ఆ కట్టను పూర్తిగా, గట్టు మొదలంటా తీయించాలి. సగం తీసి వదిలితే గుర్రపుడెక్క అక్కడే పట్టుకుని మురుగు ఎగదన్నుతుంది, సార్వా నారుమళ్లు మునుగుతాయి.

శివారుచేను:
తీయించే ఖర్చు కట్ట వేసే అంచనాలోనే చేర్చాలి. విడిగా ఉంచితే జూన్‌కి ఎవరూ రారు.