అప్‌డేట్: అదనపు పెట్రోల్‌కు ఉక్కు జెర్రీక్యాన్లే తీసుకున్నాను

రాళ్లదారి ప్రయాణాలకు అదనపు పెట్రోల్‌ను ప్లాస్టిక్ డబ్బాల్లో తీసుకెళ్లాలా, ఉక్కు జెర్రీక్యాన్లలోనా అని ఇంతకుముందు అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చివరకు 20 లీటర్ల ఉక్కు క్యాన్లు రెండు తీసుకున్నాను. నిండిన క్యాన్ ఒక్కొక్కటి దాదాపు 19 కిలోలు తూగుతుంది కనుక, అంత బరువు పైకప్పు మీద ఉంటే ఏటవాలు దారిలో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుందని గ్రహించి, పైన పెట్టాలన్న ఆలోచన మానుకుని బండి వెనుక స్టాండులో బిగించాను. మొదటి ప్రయాణంలోనే ఒక మూత అంచున తడి కనిపించింది. తెరిచి చూస్తే రబ్బరు వాషర్ కింద ఇసుక రేణువులు ఇరుక్కున్నాయి, తుడిచి బిగించాక కారడం ఆగింది. ఇప్పుడు క్యాన్‌ను తప్పనిసరిగా నేల మీద పెట్టి, వేడికి పెట్రోల్ వ్యాకోచించేందుకు పైన కొంత ఖాళీ వదిలి నింపుతున్నాను.