లేబర్ షెడ్డులో ఇంటర్వ్యూ అంటే మేస్త్రీ వచ్చి కూర్చుంటున్నాడు, ఏం చేయాలి?

కదిరి పిల్ల:
నేను బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. వర్తూరు దగ్గర బిల్డింగ్ పనికొచ్చిన మన వైపు ఆడవాళ్ల మీద జరిగే హింస నా టాపిక్. రేకుల షెడ్డంటే ఒకటే గది. మాట మొదలవగానే మేస్త్రీ వచ్చి కూర్చుంటాడు, లేదంటే మొగుడు గుమ్మంలో నిలబడతాడు. పోయిన ఆదివారం ఒకామె తెగిన చెవి తమ్మె చూపించి, "వదిలేసి పోదామంటే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్స్ ఇద్దరి మీదా ఉంది మేడం, యాడికి పోయేది?" అంది. మర్నాడు ఆమె మొగుడు నన్ను ఆపి, "మా ఆడదాంతో ఏం మాట్లాడినావు?" అన్నాడు. ఆమెను మళ్లీ కొట్టాడేమోనని రెండు రాత్రులు నిద్ర లేదు. నా ఫారంలో హింసకో పేజీ, కూలికో పేజీ. ఆమె మాట ఏ పేజీలో రాయాలి?

సర్వేల సీతమ్మ:
ముందు ఆ షెడ్డుకు వెళ్లడం ఆపమ్మా. ఇలాంటి పరిశోధనకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో భద్రతా సూచనలు ఇచ్చింది. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే, అదీ ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. మిగతావాళ్లకు ఆడవాళ్ల ఆరోగ్యం గురించి అని చెప్పాలి. ఎవరైనా వస్తే మేము వెంటనే కాన్పుల సంగతి ఎత్తేవాళ్లం. జరిగింది మీ గైడ్‌కు రాసి ఇవ్వు.

పీణ్యా అక్క:
చెల్లీ, నేను గార్మెంట్స్‌లో పద్నాలుగేళ్లు కుట్టాను. సూపర్‌వైజర్ ముందు ఎవరడిగినా "అంతా బాగుంది" అనేవాళ్లం. వ్యాన్ కోసం నిలబడ్డప్పుడు పక్కన చేరి అడిగిన అమ్మాయికి నిజం చెప్పాం. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు మధ్యలో తీసుకోకూడదని రూలు పెడితే ఆడవాళ్లమే రోడ్డెక్కాం, కేంద్రం ఆ రూలు వెనక్కి తీసుకుంది. ఆ డబ్బుంటేనే తాగుబోతు మొగుణ్ణి వదలగలనని నా పక్కనున్నామె అంది. నువ్వు నీళ్ల ట్యాంకర్ దగ్గరికి పో.

కోర్టు పక్షి:
అడ్వాన్స్ తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టి. 1976 చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు, జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయొచ్చు. మొగుడి దెబ్బలకు 2005 గృహహింస చట్టం ఉంది. పని ఇచ్చేవాడే చెయ్యి వేస్తే 2013 లైంగిక వేధింపుల చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. ఆమె సరేనంటేనే ఏదైనా చేయండి.

కదిరి పిల్ల:
నిన్న ఆమె ట్యాంకర్ దగ్గర కనిపించింది. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు రాసిస్తానంటే కాగితం వద్దంది, మూడుసార్లు నోటితో చెప్పించుకుంది. ఫారం మళ్లీ రాస్తున్నాను, రెండు పేజీలూ కలిపి. మొదటి ప్రశ్న: "అడ్వాన్స్ ఎవరి చేతికిచ్చారు?"