సమస్యాపూరణం: "ద్వార మున్నది పోవుటే తరము గాదు"

నిర్వాహకుడు, పర్లాకిమిడి:

ఈసారి దత్తపది, నిషిద్ధాక్షరి జోలికి పోకుండా సమస్య ఒక్కటే ఇస్తున్నాను. పాదం తేటగీతిలోనిది. కృష్ణబిలం (లోనికి పోయినదాన్ని వెలికి రానీయనిది), శ్వేతబిలం (వెలికి చిమ్మేదే గానీ లోనికి పోనీయనిది), వార్మ్‌హోల్ (దూరపు చోట్లను కలిపే సొరంగం వంటిది) అనే మూడింటిలో ఏదో ఒకదానికి అన్వయించి పూరించాలి. "పోవుట" అన్న మాటకు మన వాడుకలో లోనికి పోవడం, వెలికి పోవడం, ఒక చోటి నుంచి మరొక చోటికి పోవడం అనే మూడు అర్థాలూ ఉన్నాయి కనుక, తలుపు ఏ వైపు మూసి ఉందో పద్యమే చెప్పాలి.

రాయగడ సభ్యురాలి పూరణ:

తార తనలోన తాఁ గూలి తమము గాఁగ
వెలుఁగు లోనికిఁ జనుఁగాని వెలికి రాదు
హద్దు దాఁటిన కిరణంబు నడిగి చూడ
"ద్వార మున్నది పోవుటే తరము గాదు"

గుణుపూర్ సభ్యుడు: మన సూర్యుడు కూడా తారే కదా, ఆయన కృష్ణబిలం కాడు, శ్వేతకుబ్జంగా, అంటే కుంచించుకుపోయిన చిన్న తారగా, మిగిలిపోతాడు. మొదటి పాదంలో పెద్ద తార అని ఉండవద్దా?

నిర్వాహకుడు: ఆక్షేపణ సబబైనదే, కానీ సవరణ అక్కరలేదు. "గాఁగ" అన్న మాటలోనే షరతు ఉంది. ఏ తార అలా కూలిందో ఆ తార సంగతే ఇది. మూడవ పాదంలో హకారానికి అకారంతో యతి చెల్లుతుంది. ఈ పూరణలో నాకు మిక్కిలి నచ్చినది "హద్దు" అన్న పదం. పాతపట్నంలో బస్సెక్కి మన ఊరికి వచ్చేవారికి ఆంధ్ర ఎక్కడ ముగిసి ఒడిశా ఎక్కడ మొదలైందో కాలి కింద నేల చెప్పదు. పెద్ద కృష్ణబిలపు ఘటనా దిగంతమూ, అంటే దాటితే వెలుగైనా తిరిగి రాలేని హద్దూ, అటువంటిదే. అది గోడ కాదు, పొర కాదు. దాటుతున్న వానికి ఆ క్షణంలో ప్రత్యేకంగా ఏమీ తెలియదు, తిరిగి రాబోయినప్పుడే తెలుస్తుంది. సూర్యుని ద్రవ్యమంతటినీ సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్థంలోకి కుదించగలిగితే ఆ హద్దు ఏర్పడుతుందని 1916లో వెలువడిన ష్వార్జ్‌షిల్డ్ లెక్క నుంచి తేలుతుంది. 2019లో ప్రపంచమంతా చూసిన ఎం87 గెలాక్సీ నడిమి కృష్ణబిలపు చిత్రంలో నడుమ కనిపించే నల్లదనం అటువంటి బిలపు నీడ. దాని బరువు సుమారు 650 కోట్ల సూర్యుళ్లంత.

ఒక విద్యార్థి పంపిన పూరణలో రెండవ పాదపు మూడవ గణం మగణమైంది కనుక ఇక్కడ ఉంచలేదు. కృష్ణబిలం విశ్వాన్నంతా పీల్చివేస్తుందన్న భావమూ సరికాదు. సూర్యుని స్థానంలో అంతే బరువున్న కృష్ణబిలాన్ని ఉంచితే భూమి చల్లబడుతుంది గానీ తన కక్ష్య తప్పదు. గణాలు సరిచూసుకొని మళ్లీ పంపవలసిందిగా కోరుతున్నాను.

బరంపురం సభ్యుని పూరణ:

తెల్లబిలమట వెలిచిమ్ముఁ దేజమెల్ల
కాలచక్రము వెనుకకుఁ గదలినట్లు
బయట నిల్చిన యణువెంత పరుగులిడిన
ద్వార మున్నది పోవుటే తరము గాదు

రాయగడ సభ్యురాలు: వెలుపలికి చిమ్మేది వస్తువులను దూరంగా నెట్టివేయాలి కదా, అణువు దాని వైపు పరుగులు తీయడం ఎలా పొసగుతుంది?

నిర్వాహకుడు: ఆ పరుగే ఈ పద్యానికి ప్రాణం. శ్వేతబిలానికీ ద్రవ్యరాశి ఉంటుంది, కాబట్టి బయట ఉన్నదాన్ని అది ఆకర్షిస్తుంది. అణువు దగ్గరవుతూనే ఉంటుంది, హద్దును మాత్రం ఎన్నటికీ దాటలేదు. ఐన్‌స్టీన్ సమీకరణాలలో కాలాన్ని ముందుకు నడిపినా వెనుకకు నడిపినా లెక్క చెల్లుతుంది. కృష్ణబిలపు కథను వెనుక నుంచి చదివితే వచ్చేది శ్వేతబిలం. ఈ సంగతిని రెండవ పాదం ఒక్క ఉపమానంలో ఇమిడ్చింది. అంతకంటే మెచ్చవలసినది మొదటి పాదంలోని "అట". శ్వేతబిలాన్ని ఎవరూ చూడలేదు. 1964లో నోవికోవ్ ఊహించినప్పటి నుంచి నేటి వరకు అది కాగితం మీదనే ఉంది. చూడనిదాన్ని చూసినట్టు చెప్పకుండా ఒక్క మాటతో నిజాయితీని నిలుపుకోవడం తెలుగులోనే ఇంత సులువు. తార కూలడం వల్ల కృష్ణబిలం పుడుతుందని 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్ చూపారు. శ్వేతబిలం పుట్టడానికి అటువంటి దారి ఏదీ వారి లెక్కలో లేదు, ఎందుకంటే శ్వేతబిలం ఉండవలసిన గతకాలపు చోటును అప్పటికే ఆ తార ఆక్రమించి ఉంటుంది.

కోరాపుట్ సభ్యుని పూరణ:

గణితమే కట్టె వంతెన గగనమునకు
కొనను కొనతోడఁ గలిపిన కొత్త బాట
కాంతి దాఁటును మనకేమొ కష్టమగును
ద్వార మున్నది పోవుటే తరము గాదు

కోరాపుట్ సభ్యుడు: కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైలులో సొరంగాల వెంట సొరంగాలు దాటుతుంటే తట్టిన భావమిది. కృష్ణబిలం ప్రవేశం, శ్వేతబిలం నిష్క్రమణ, నడుమ సొరంగం వార్మ్‌హోల్ అని నా ఉద్దేశం.

నిర్వాహకుడు: మొదటి పాదం ఈ విడతలోకెల్లా గొప్ప ఎత్తుగడ. అయితే మూడవ పాదం నిలవదు, మీ వివరణలోనూ ఒక పొరపాటు ఉంది. 1935లో ఐన్‌స్టీన్, రోజెన్ కనుగొన్న వంతెన కృష్ణబిలాన్ని శ్వేతబిలానికి కలిపేది కాదు. 1960లో క్రుస్కల్ గీసిన పటంలో మూడూ ఒకే కుటుంబంగా కనిపిస్తాయి: శ్వేతబిలం గతంలో, కృష్ణబిలం భవిష్యత్తులో, వంతెన ఒకదానికొకటి దూరమైన రెండు బయటి ఆకాశాల నడుమ. మీ రైలు సొరంగం మనం దాటేదాకా అలాగే నిలిచి ఉంటుంది. ఈ వంతెన అలా నిలవదు. తెరుచుకొని, నడుము సన్నగిల్లి, తెగిపోతుంది, అదీ ఒక కాంతి కిరణం ఈ కొన నుంచి ఆ కొన చేరేలోపే. ఈ సంగతిని 1962లో ఫుల్లర్, వీలర్ నిరూపించారు. అందుచేత "కాంతి దాఁటును" అనడం తగదు. తెగకుండా నిలపాలంటే రుణాత్మక శక్తి గల పదార్థం కావాలని 1988లో మోరిస్, థార్న్ లెక్కగట్టారు, కానీ అది వేరొక వంతెన, వేరొక సమస్యకు తగిన విషయం. కష్టం కాదు, అసాధ్యం అని మీ పాదం చెప్పాలి. యతిని కాపాడుకుంటూ మీరే సవరించండి.

కోరాపుట్ సభ్యుడు: మాస్టారూ, తప్పు తెలిసింది. కాంతికి సులువు, మనకు కష్టం అన్నప్పుడే సమస్య బలం సగం పోయిందని ఇప్పుడు అనిపిస్తోంది. సవరించిన పూరణ ఇది:

గణితమే కట్టె వంతెన గగనమునకు
కొనను కొనతోడఁ గలిపిన కొత్త బాట
కాంతి దాఁటెడు లోపునఁ గరఁగిపోవు
ద్వార మున్నది పోవుటే తరము గాదు

నిర్వాహకుడు: యతి కుదిరింది, విషయమూ కుదిరింది. ఈ పూరణను స్వీకరిస్తున్నాను.