ఎల్‌కేజీలో చేరబోయే పాప టాయిలెట్‌కి వెళ్లాలని టీచర్‌కి చెప్పడం లేదు

మా పాపకు నాలుగేళ్లు. జూన్ 12న ఎల్‌కేజీలో చేరాలి, ఇంకా తొమ్మిది రోజులే ఉంది. బడి పొద్దున 9 నుంచి 12:30 వరకు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, కొత్తవాళ్ల ముందు నోరు విప్పదు.

పోయిన వారం అలవాటు కోసం రెండు రోజులు గంటన్నర చొప్పున కూర్చోబెట్టాం. గేటు దగ్గర నా చున్నీ కొస వేలికి చుట్టుకుని ఏడ్చింది, లోపలికి వెళ్లాక పది నిమిషాల్లో ఊరుకుందట. అసలు టెన్షన్ అది కాదు. ఒంటికి వస్తున్నా టీచర్‌కి గానీ ఆయమ్మకు గానీ చెప్పలేదు. రెండో రోజు గౌను తడిసిపోయింది. అప్పటి నుంచి పొద్దున్నే నీళ్లు తాగనంటోంది. గ్లాసు ఇస్తే పెదాలు బిగబట్టి తల తిప్పేస్తుంది. ఈ ఎండల్లో నాకు అదే భయంగా ఉంది.

ఇంట్లో బడి ఆట ఆడించాను. నేను టీచర్, తను చెయ్యెత్తి అడగాలి. నన్నయితే చక్కగా అడుగుతుంది. ఆయమ్మ దగ్గరికి తీసుకెళ్లి మాట్లాడించబోతే నా వెనక దాక్కుంది. చాక్లెట్ ఆశ చూపినా లాభం లేదు. డాక్టర్ చూసి ఇన్ఫెక్షన్ ఏమీ లేదన్నారు.

ఇలా బిడియపడే పిల్లలు కొత్త టీచర్‌కి ఈ ఒక్క మాట చెప్పేలా మీరు ఎలా అలవాటు చేశారు?