మామ్మకు పగటి మగత: ఈఈజీ తీయించాలా, వయసని ఊరుకోవాలా?

లంకపిల్ల, అమలాపురం దగ్గర:
మా మామ్మకు 81. మతిమరుపు మొదలై మూడేళ్ళు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని కొబ్బరాకు ఈనెలు గీస్తుంది, ఒక్కటీ విరగదు. పది దాటేసరికి కత్తి చేతిలోనే ఉంటుంది, చూపు ఎక్కడో ఉంటుంది, పిలిస్తే పలకదు. కాసేపటికి మళ్ళీ మామూలే. డాక్టరుగారు ఈఈజీ, అంటే తలకి తీగలు పెట్టి మెదడు తరంగాలు చూసే పరీక్ష, తీయించమన్నారు. పెదనాన్న మాత్రం "ముసలావిడ తలకి తీగలెందుకు" అంటున్నారు. మీరేమంటారు?

కాలవగట్టు, పాలకొల్లు:
మీ పెదనాన్నగారి మాటే నాదీనండి. మా నాన్నగారికి తీయించాం. "తరంగాలు నెమ్మదించాయి" అని రాసిచ్చారు. జబ్బు ముందే తెలుసు, మందులేం మారలేదు. తలకి జిగురు పూస్తుంటే ఆయన భయపడి ఏడ్చారు. అది నేను మర్చిపోలేను.

గోదారొడ్డు, కాకినాడ, ఈఈజీ టెక్నీషియన్:
అన్నగారి బాధ నాకు తెలుసు, అలా భయపడేవాళ్ళని రోజూ చూస్తాను. మతిమరుపు ఉందని చెప్పడానికి ఈఈజీ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఈ మామ్మగారి సంగతి వేరు. అంతసేపు తేటగా ఉండి ఉన్నట్టుండి పలక్కపోతే, అది పైకి తెలియని ఫిట్స్ కావచ్చు. లేదా లూయీ బాడీ డిమెన్షియా అనే ఒక రకం మతిమరుపు జబ్బు కావచ్చు. మెలకువగా కళ్ళు మూసుకుంటే తల వెనక సెకనుకు 8 నుంచి 13 ఆల్ఫా తరంగాలు రావాలి. లూయీ బాడీలో అవి 8 కంటే దిగి, నిలకడ లేకుండా ఉంటాయి. 2017 నిర్ధారణ ప్రమాణాల్లో దీన్నీ ఒక ఆధారంగా చేర్చారు. పేరు తెలిస్తే ఒరిగేదేంటంటారా? ఆ జబ్బున్నవాళ్ళకి భ్రమలు, ఆందోళన తగ్గడానికి వాడే హాలోపెరిడాల్ మందు ఇస్తే ప్రాణం మీదకి రావచ్చు.

ఇంకో మాట. కునుకు పట్టినా తరంగాలు నెమ్మదిస్తాయి, అది ఎవరికైనా అంతే. అందుకే పొద్దున్నే రండి. నిద్రమాత్ర వేస్తుంటే చెప్పండి. మగత ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా పెరిగితే మాత్రం ఈఈజీ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో అయ్యుండొచ్చు.

కాలవగట్టు:
ఆ రోజు నాన్నగారిని తెల్లవారుజామున బస్సెక్కించాం. కుర్చీలోనే కునికిపాట్లు పడ్డారు. రిపోర్టులో ఆ ఊసే లేదండి. అయినా భయపడేవాళ్ళని బలవంతం చేయకూడదనే నా మాట.

లంకపిల్ల:
నేను తల దువ్వితే కదలకుండా కూర్చుంటుంది. పక్కన ఉండనిస్తారా?

గోదారొడ్డు:
తప్పకుండా ఉండండి, చెయ్యి పట్టుకోండి. ముందురోజు తలంటి తీసుకురండి. కొబ్బరినూనె మాత్రం రాయకండి, తలకి పెట్టే తీగల బిళ్ళలు అంటుకోవు.