50 గజాల .22 రైఫిలుకు 500 డాలర్ల లోపు ఏ స్కోపు మంచిది?

ప్లేనో_22:

అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాను. నా రైఫిలు సీజెడ్ 457, .22 ఎల్ఆర్ తూటా వాడేది. ఎక్కువగా 50 గజాల దూరంలో కాగితం టార్గెట్ మీద కాలుస్తాను. మా క్లబ్బులో నెలనెలా జరిగే పోటీలో 100 గజాల వరస కూడా ఉంటుంది. కొంత బల్ల మీద ఆనించి, కొంత బోర్లా పడుకుని కాలుస్తాం. వేటకు వెళ్లే ఉద్దేశం లేదు.

ఇప్పుడు దాని మీద ఉన్నది 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించే, ముందు 40 మిల్లీమీటర్ల అద్దం ఉన్న పాత వేట స్కోపు (3-9x40). దానితో ఒక చిక్కు వచ్చింది. రైఫిలును ఇసుక సంచుల మీద కదలకుండా కూర్చోబెట్టి, చేయి తీసేసి, తల మాత్రం అటూ ఇటూ జరిపి చూస్తే స్కోపులోని గురి గీత (అడ్డగీత) టార్గెట్ నడిమి పది పాయింట్ల వలయంలో ఈ అంచు నుంచి ఆ అంచుకు నడుస్తోంది. రైఫిలు అంగుళం కూడా కదలలేదు. స్కోపు పాడైందా?

ఎలాగూ కొత్తది కొనాలనుకుంటున్నాను. దుకాణంలో 36 రెట్లు పెద్దగా చూపించేది తీసుకోమన్నారు. మా మిత్రుడేమో ఎఫ్ఎఫ్‌పీ (మాగ్నిఫికేషన్‌తోపాటు గీతలూ పెరిగే రకం) కాకపోతే డబ్బు దండగ అంటున్నాడు. స్కోపును రైఫిలుకు బిగించే రింగులతో కలిపి 500 డాలర్లు దాటకూడదు. నాకు నలభై ఆరేళ్లు, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడతాను. ఏది కొనాలన్నదానికంటే, ఏం చూసి కొనాలో చెబితే మేలు.

హ్యూస్టన్_రేంజి:

ఆర్కెన్ ఈపీ5 చూడండి. 5-25x56, 34 మి.మీ. ట్యూబు. ఆ ధరలో అంత మంచి టరెట్ (గురిని పైకీ కిందికీ జరపడానికి తిప్పే గుండీ) మరొకటి నేను చూడలేదు. క్లిక్కులు వేలికి స్పష్టంగా తెలుస్తాయి. బల్ల మీద కాల్చడానికి నాకు బాగా నచ్చింది.

ఇది చదివే మన వాళ్లలో హెచ్1బీ మీద ఉన్నవారు చాలామంది ఉంటారు కాబట్టి ఒక మాట. స్కోపు కొనడానికి అడ్డేమీ లేదు. తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడానికి మాత్రం వలసేతర వీసాదారులకు ఫెడరల్ చట్టం అడ్డు వస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ముందు అది తేల్చుకుని దిగండి.

గురి_ఫీనిక్స్:

ప్లేనో గారూ, మీ స్కోపు పాడవలేదు. దాన్ని వేరే దూరం కోసం తయారు చేశారు, అంతే. మీరు చేసిన ఆ తల జరిపే పరీక్షను స్కోపు కొనే ప్రతివారూ చేయాలని నా కోరిక. మన క్రీడకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అందులోనే బయటపడుతుంది.

వేట స్కోపులను చాలావరకు ఫ్యాక్టరీలోనే 100 గజాలకో 150 గజాలకో స్థిరంగా బిగించి పంపుతారు. ఆ దూరంలో ఉన్న వస్తువు బొమ్మ మాత్రమే అడ్డగీత ఉన్నచోట సరిగ్గా పడుతుంది. 50 గజాల టార్గెట్ బొమ్మ దానికి కాస్త వెనక పడుతుంది. రెండూ ఒకేచోట లేవు కాబట్టి కన్ను జరిగితే గీత జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు. మీ 40 మి.మీ. స్కోపు 100 గజాలకు బిగించినదైతే, 50 గజాల దగ్గర గురి అటు 10 మి.మీ., ఇటు 10 మి.మీ. దాకా తప్పవచ్చు. మన 50 గజాల టార్గెట్‌లో పది వలయం మొత్తం వెడల్పే అంగుళం లోపు. మీరు చూసిన లెక్క సరిగ్గా సరిపోయింది కదా! తూటా మంచిదైనా, ట్రిగ్గర్ పద్ధతిగా నొక్కినా, చెంప ఒక్క వెంట్రుకవాసి పక్కన ఆనినందుకు తొమ్మిది వస్తుంది. మనిషి తన చేతిని అనుమానించుకుంటూ సీజన్ అంతా గడిపేస్తాడు. ఇలాంటివారిని మా రేంజిలో చూసి ఎంతో బాధపడ్డాను.

అందుకే నా మొదటి షరతు: పక్కన పారలాక్స్‌ను సరిచేయడానికి తిప్పే గుండీ ఉండాలి, అది 50 గజాలకంటే బాగా దగ్గరికి రావాలి. పెట్టె మీద మాగ్నిఫికేషన్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఈ సంఖ్యను వెతుక్కోవాలి. పెద్ద తూటాల రైఫిళ్ల కోసం చేసిన కొన్ని ఖరీదైన స్కోపుల గుండీ 50 దగ్గరే ఆగిపోతుంది. 10 గజాల నుంచి మొదలయ్యేది తీసుకోండి. ఆ తర్వాత కూడా గుండీ మీద 50 అని ఉన్నచోట ఆపి ఊరుకోకండి. ఆ అంకెలు ఉజ్జాయింపు మాత్రమే. తల కొద్దికొద్దిగా ఊపుతూ, గీత టార్గెట్‌కు అతుక్కుపోయి నిలిచేదాకా గుండీ తిప్పండి. అక్కడ తెల్ల పెయింటుతో సన్నని చుక్క పెట్టుకోండి. 100 గజాలకూ అలాగే.

రెండవ షరతు టరెట్. మీరు 50కి, 100కి మధ్య తిరుగుతారు. సెకనుకు 1,070 అడుగుల వేగంతో వెళ్లే సాధారణ పోటీ తూటాకు 50లో జీరో చేస్తే (అంటే ఆ దూరానికి గురి కుదిర్చితే), 100కి సుమారు ఆరేడు ఎంఓఏ పైకి తిప్పాలి. ఎంఓఏ అంటే కోణపు కొలత, 100 గజాల దగ్గర ఒకటి దాదాపు అంగుళం. పావు ఎంఓఏ క్లిక్కులైతే పాతిక క్లిక్కుల పైమాటే. తిప్పి, కాల్చి, మళ్లీ పాతిక క్లిక్కులు వెనక్కి వస్తే గురి మునుపటి చోటికే రావాలి. ఈ తిరిగి రావడానికే మనం డబ్బు ఇస్తున్నాం. అద్దాల మెరుపు సంగతి ఆ తర్వాత.

దీన్ని పరీక్షించడానికి తూటాలు తగలేయనక్కర లేదు. రైఫిలును బిగించే స్టాండులో పెట్టండి. సరిగ్గా 100 గజాల దగ్గర, టేపుతో కొలిచి, ఒక పొడవాటి అట్ట నిలబెట్టండి. దాని మీద దారానికి బరువు కట్టి నిలువు గీత గీయండి. కింద ఒక చుక్క, దానికి 31.4 అంగుళాల పైన అడ్డంగా ఒక గీత. 30 ఎంఓఏ అంటే ఆ దూరంలో అంతే. స్కోపు అడ్డగీతను పై గీత మీద పెట్టి, కదలకుండా బిగించి, టరెట్‌ను 30 ఎంఓఏ పైకి తిప్పండి. స్కోపులోని గీత మెల్లగా దిగి వచ్చి కింది చుక్క మీద వాలాలి. నిలువు గీతను వదిలి పక్కకు జరిగితే స్కోపును ఒరిగి బిగించారన్నమాట. చుక్కకు ముందే ఆగినా, దాటిపోయినా టరెట్ కొలత తప్పు. మళ్లీ సున్నాకు తెచ్చి చూడండి. కొన్న వారంలోనే ఇది చేయండి, బాగా లేకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. వోర్టెక్స్, ఆథ్లాన్ రెండూ జీవితకాల వారంటీ ఇస్తాయి, చేతులు మారినా అది చెల్లుతుంది. కాబట్టి వాడినదైనా ధైర్యంగా కొనవచ్చు.

కాగితం మీద కాల్చేవారికి మిల్ అనే మరో కోణపు కొలతలోని క్లిక్కుకంటే ఎంఓఏ క్లిక్కు మేలని నా అభిప్రాయం. 50 గజాల దగ్గర పావు ఎంఓఏ అంటే 3.3 మి.మీ., 0.1 మిల్ అంటే దాదాపు 4.6 మి.మీ. మన తూటా రంధ్రం 5.6 మి.మీ. ఈ చిన్న తేడా తూటా రంధ్రాల గుంపును పది వలయం నడిమికి తెచ్చుకునేటప్పుడు తెలుస్తుంది.

ఇక 36 రెట్ల సంగతి. నేను ఫీనిక్స్ ఉత్తరాన ఉన్న బెన్ ఏవరీ రేంజిలో కాలుస్తాను. ఎండాకాలం ఉదయం తొమ్మిది దాటితే నేల నుంచి లేచే వేడి గాలికి టార్గెట్ వలయాలు వేడి పెనం మీది ఆవిరిలా వణుకుతాయి. 24లో పెడితే నల్లని వృత్తం అంచే నిలవదు. అదే 12కో 14కో దించితే వణుకు ఉంటుంది కానీ వృత్తం వృత్తంలాగే కనిపిస్తుంది, గురి నిలుస్తుంది. మీ టెక్సాస్ జులై కూడా తక్కువదేమీ కాదు. మార్చే వీలు లేకుండా ఎప్పుడూ 36 రెట్లే చూపించే స్కోపు బెంచ్‌రెస్ట్ పోటీదారులకు పనికొస్తుంది. వాళ్లు రైఫిలును బరువైన రెస్టు మీద ఉంచుతారు, గాలి జెండాలు పరుచుకుంటారు. మీరు బోర్లా పడుకుని కూడా కాలుస్తారు కాబట్టి మీ గుండె చప్పుడు కూడా 36 రెట్లు పెద్దదై కనిపిస్తుంది. పైగా స్కోపు నుంచి కంటికి చేరే వెలుగు వృత్తం వ్యాసం అంటే ముందు అద్దాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే వచ్చేదే. 50ని 24తో భాగిస్తే 2 మి.మీ., 16తో భాగిస్తే 3 మి.మీ. పైన. వయసు మీద పడుతున్న కళ్లకు ఆ మిల్లీమీటరు చాలా హాయి.

ఎఫ్ఎఫ్‌పీలో మాగ్నిఫికేషన్ మారిస్తే గీతలూ దాంతోపాటు పెరిగి తగ్గుతాయి. రెటికిల్ (స్కోపులోని గురి గీతలు) మీది గుర్తులతో దూరాలు అంచనా వేసేవారికి అది కావాలి. మీవి రెండే దూరాలు, రెండూ కొలిచినవే. కనుక లేకపోయినా నష్టం లేదు. అయితే ఈ ధరలో వచ్చే మంచి టార్గెట్ స్కోపుల్లో చాలావరకు ఎఫ్ఎఫ్‌పీవే కాబట్టి దాని కోసమని వదులుకోకండి. పూర్తి మాగ్నిఫికేషన్‌లో నడిమి గీత ఎక్స్ వలయాన్ని (పది వలయం లోపలి చిన్న వలయాన్ని) కప్పేస్తోందా అన్నది మాత్రం కంటితో చూసుకోండి.

శీర్షికలో ఏ స్కోపు అని అడిగారు కాబట్టి పేర్లు కూడా: వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్ 6-24x50, ఎంఓఏ రకం. లేదా ఆథ్లాన్ ఆర్గోస్ బీటీఆర్ జెన్2 6-24x50, అదీ ఎంఓఏలో. రెండింటి గుండీలూ 10 గజాలకు వస్తాయి, రెండూ 400కు అటూ ఇటూ దొరుకుతాయి. రెండింటిలో నాకు వోర్టెక్స్ రెటికిల్ నచ్చుతుంది. బుష్‌నెల్ మ్యాచ్ ప్రో కూడా .22కు చక్కగా సరిపోతుంది కానీ అది మిల్. ఆర్కెన్ గురించి హ్యూస్టన్ గారు చెప్పినది నిజమే, టరెట్ గొప్పది. అయితే అది కిలో దాటుతుంది, డైమండ్‌బ్యాక్ 700 గ్రాములే. బోర్లా పడుకుని, మోచేతుల మీద ఆ బరువంతా పైకెత్తి గంటసేపు మోయాలి. 34 మి.మీ. రింగులకు ఖర్చు వేరే.

మిగిలిన డబ్బు రింగుల మీద పెట్టండి. మీ 457కు రిసీవర్ మీద 11 మి.మీ. డవ్‌టెయిల్ (రింగులు పట్టే గాడి) ఉంటుంది, దానికి నేరుగా పట్టే 30 మి.మీ. రింగులు కొనండి. 100 గజాలకు, స్కోపును ముందుకు వంచి ఉంచే వాలు బేసు అక్కరలేదు. రింగు మూత స్క్రూలను 15 నుంచి 18 అంగుళ-పౌండ్ల దాకా, టార్క్ స్క్రూడ్రైవరుతో, ఎదురెదురు మూలలుగా బిగించండి. చేతి అంచనాతో బిగిస్తే ట్యూబు నొక్కుకుని టరెట్ బిగుసుకుపోతుంది.

కళ్లద్దాల విషయం. కాల్చేటప్పుడు పెట్టుకునే అద్దాలతోనే వెనక ఐపీస్‌ను సరిచేసుకోండి. స్కోపును ఖాళీ ఆకాశం వైపు తిప్పి, ఒక్క క్షణం చూసి కన్ను తీసేయండి. చూడగానే గీత నల్లగా, కోసినట్టు కనిపించాలి. అదే పనిగా చూస్తూ తిప్పితే కన్ను సర్దుకుని మోసం చేస్తుంది. ఇది చేశాకే పారలాక్స్ ముట్టుకోండి. క్రమం తారుమారైతే రెండూ కుదరవు. బోర్లా పడుకున్నప్పుడు ప్రోగ్రెసివ్ అద్దాల పై అంచు నుంచి చూస్తారు కాబట్టి, వీలైతే దూరపు చూపుకు మాత్రమే చేసిన జత ఒకటి రేంజి కోసం చేయించుకోండి.

గచ్చిబౌలి_షూటర్:

హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిలుతో మొదలుపెట్టిన వాణ్ని, ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్నాను. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన తర్వాత మా కుర్రాళ్లందరం రేంజి దారి పట్టాం. ఒలింపిక్ తరహా రైఫిలు పోటీల్లో స్కోపుకు అనుమతి లేదు, వెనక చిన్న రంధ్రం, ముందు వలయం, అంతే. అమెరికాలో ఎన్ఆర్ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీల్లో, మాత్రం మెటాలిక్ సైట్స్ (స్కోపు లేకుండా), ఎనీ సైట్స్ (స్కోపు కూడా వాడవచ్చు) అని రెండూ ఉంటాయి. ప్లేనో గారూ, మీ క్లబ్బు పోటీ ఏ నియమాలతో జరుగుతుందో ముందే అడగండి. ఫీనిక్స్ గారు చెప్పిన గుండె చప్పుడు మాటకు నాదొక చేర్పు: స్కోపులో వణుకు పెద్దగా కనిపించేసరికి గీత నడిమికి వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ను లాగేస్తారు. 12కు దించి, వణుకును వణకనిచ్చి, మెల్లగా నొక్కండి.

ప్లేనో_22:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మా పోటీ ఎనీ సైట్స్ అని తేలింది. డైమండ్‌బ్యాక్, ఎంఓఏ రకం తీసుకుంటున్నాను. ఇంకొక్క సందేహం. విజయవాడలో మా బావమరిది దగ్గర స్ప్రింగు ఎయిర్ రైఫిలు ఉంది, ఇంటి పెరట్లో 10 మీటర్ల దూరంలో కాలుస్తాడు. ఈ పాత స్కోపును డిసెంబరులో వెళ్లేటప్పుడు సూట్‌కేసులో వేసుకుని తీసుకెళ్లనా?

గురి_ఫీనిక్స్:

వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. రైఫిలు స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. లైసెన్సు కావాలో లేదో తేల్చుకోకుండా సామానులో పెట్టుకుని దేశం దాటిస్తే చట్టంతో చిక్కులు రావచ్చు. చేతితో ఇచ్చే కానుక అయినా అంతే.

అతనికి అది ఉపయోగపడదు కూడా. 100 గజాలకు బిగించిన స్కోపులో 10 మీటర్ల టార్గెట్ మసకగా కనిపిస్తుంది, మీరు చూసిన ఆ గీత జరగడం ఇంకా దారుణంగా ఉంటుంది. పైగా స్ప్రింగు ఎయిర్ రైఫిలు రెండుసార్లు తన్నుతుంది. పిస్టన్ ముందుకు దూకినప్పుడు తుపాకీ వెనక్కి, అది చివరకు వెళ్లి కొట్టుకున్నప్పుడు ముందుకు. మామూలు స్కోపులను వెనక్కి తన్నే దెబ్బకు మాత్రమే తట్టుకునేలా కడతారు. ఆ ముందు దెబ్బకు లోపలి అద్దాలు వదులవుతాయి, ఒక్కోసారి గీత తిరిగిపోతుంది. ఎయిర్ రైఫిలు కోసమే చేసిన స్కోపు, 10 మీటర్ల దాకా వచ్చే పారలాక్స్ ఉన్నది అక్కడే చూసుకోమనండి. మీ పాతదాన్ని మీ క్లబ్బులో వేటకు వెళ్లేవారెవరికైనా ఇచ్చేయండి. 100 గజాల జింక వేటకు అది ఇప్పటికీ చక్కని స్కోపు.